ఉద్ముర్త్ వంశాలు, వలసలు, మాండలికాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఉద్ముర్తులు ఎవరు? ఎక్కడుంటారు?

రష్యాలో, వోల్గాకి తూర్పున, ఉరల్ కొండలకి ఇవతల, కామా, వ్యాత్కా నదుల మధ్య ఉండే జనం. వాళ్ల రిపబ్లిక్ పేరు ఉద్ముర్తియా, రాజధాని ఇఝెవ్స్క్. రష్యన్ భాషతో వాళ్ల భాషకి చుట్టరికం లేదు, తతార్ భాషతోనూ లేదు (తతార్లు పక్కనే ఉండే తుర్కిక్ జనం, అంటే టర్కీ భాషకి బంధువైన భాష మాట్లాడేవాళ్లు). దగ్గరి బంధువు ఉత్తరాన ఉండే కోమీ భాష. దూరపు బంధువుల్లో ఫిన్నిష్, హంగేరియన్ ఉన్నాయి. పాత రష్యన్ కాగితాల్లో వీళ్లని "వొత్యాక్" అని రాశారు, తతార్లు "అర్" అన్నారు, కాబట్టి పాత పుస్తకాల్లో ఈ పేర్లు కనిపిస్తే వీళ్ల గురించే అనుకోండి. ("వొత్యాక్" అంటే ఇప్పుడు వాళ్లకి నచ్చదు, వాడకండి.)

2012 యూరోవిజన్ పాటల పోటీలో ఊరి బామ్మలు కొందరు సంప్రదాయ దుస్తుల్లో పాడి రెండో స్థానం కొట్టారు, గుర్తుందా? బురనొవొ బామ్మలు. వాళ్లు ఉద్ముర్తులే, దక్షిణ ఉద్ముర్తియాలోని మాలయా పుర్గా జిల్లా వాళ్లు. ఆ "పుర్గా" అనే పేరు గుర్తుపెట్టుకోండి, కింద దానితో పని ఉంది.

వాళ్ల "వంశం" మన గోత్రం లాంటిదేనా?

చాలావరకు అవును. ఉద్ముర్తులు దాన్ని "వొర్షుద్" అంటారు. ఒకే వొర్షుద్ వాళ్లు పెళ్లి చేసుకోకూడదు, అందరూ ఒకే మూలం వాళ్లని లెక్క. కానీ మన గోత్రం ఎక్కువగా పెళ్లి సంబంధాలప్పుడు, పూజలో సంకల్పం చెప్పేటప్పుడు గుర్తొస్తుంది. వొర్షుద్ అలా కాదు, అది ఇంట్లో ఒక చోట కూర్చుని ఉండే దేవత కూడా. వంశం, వంశాన్ని కాచే దేవత, రెండిటికీ అదే పేరు.

ప్రతి ఇంటి వాకిట్లో "కువాలా" అని కిటికీలు లేని చెక్క గుడిసె ఉండేది. మట్టినేల, మధ్యలో పొయ్యి, పైన వేలాడే వంటపాత్ర. లోపల ఒక అల్మారా బల్ల మీద వొర్షుద్ పెట్టె. అందులో ఉడుత చర్మాలు, పక్షి ఈకలు, వెండి నాణేలు లాంటివి ఉంచేవారు. ఇంటికి ఒక చిన్న కువాలా, వంశమంతటికీ ఒక పెద్ద కువాలా. కొడుకులు వేరుపడి కొత్త ఊరు కట్టుకున్నప్పుడు పాత కువాలా పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసుకెళ్లి కొత్త పొయ్యిలో వేసేవారు, దాన్ని దాదాపు పెళ్లి తంతులా పాటలతో జరిపేవారు. ఆ బూడిద వెళ్తేనే దేవత వెళ్లినట్టు. వలస చరిత్ర అంటే మనకి తారీకులు, యుద్ధాలు గుర్తొస్తాయి గానీ, వాళ్లకి వలస అంటే ముందుగా ఈ బూడిదే. నన్ను ఈ సబ్జెక్టులోకి లాగింది కూడా అదే.

ఇంకో విషయం, పెళ్లయ్యాక కూడా ఆడవాళ్లు పుట్టింటి వొర్షుద్ వదులుకునేవారు కాదు. పైగా అత్తవారి ఊళ్లో ఆమెని సొంత పేరుతో కాకుండా పుట్టింటి వంశం పేరుతోనే పిలిచేవారు. పుర్గా వంశం నుంచి వచ్చిన కోడలు ఆ ఊళ్లో "పుర్గా"యే. కాబట్టి ఒక ఊళ్లో ఆడవాళ్ల పేర్లు వింటే ఆ ఊరికి ఏయే వంశాలతో సంబంధాలున్నాయో తెలిసిపోయేది.

మొత్తం ఎన్ని వంశాలు?

సుమారు 70 వొర్షుద్ పేర్లు నమోదయ్యాయి. ఎగ్రా, పుర్గా, మొఝ్గా, బిగ్రా, చబ్యా, నోర్యా, పెల్గా, ఉచా, సల్యా, దొక్యా, తుక్ల్యా, లోజా ఇలా. చాలా పేర్లకి ఇవాళ్టి ఉద్ముర్త్ భాషలో అర్థం దొరకదు. జంతువుల పేర్లనీ, పక్షుల పేర్లనీ, పాత పూర్వీకురాళ్ల పేర్లనీ పండితులు రకరకాలుగా వాదిస్తారు. ఆ వాదనలోకి దిగితే తేలదు, మనకి కావాల్సింది ఆ పేర్లు మ్యాప్ మీద ఎక్కడున్నాయన్నది.

వాత్కా, కాల్మెజ్ అని ఎక్కడో చదివాను. అవేంటి?

వంశాలకి పైన ఉండే రెండు పెద్ద గుంపులు. వాత్కా వాళ్లు వ్యాత్కా నది చుట్టూ ఉండి, తర్వాత దాని ఉపనది చెప్త్సా వెంట తూర్పుకి ఎగువకి జరిగారని చెప్పుకుంటారు. కాల్మెజ్ వాళ్లు దక్షిణంగా, కిల్మెజ్ నది, దానిలో కలిసే వాలా నది చుట్టూ ఉన్నవాళ్లు. రెండు పేర్లూ నదుల పేర్లతోనే ముడిపడి ఉన్నాయి చూడండి. దట్టమైన అడవి దేశంలో నదే రోడ్డు కదా.

వీళ్ల గురించి వీరగాథలు బోలెడు. ఉత్తరాన దొందా అనే వీరుడు, అతని కొడుకులు ఇద్నా, గుర్యా. ఒక్కొక్కరు ఒక్కో కోట కట్టారట, ఇద్నా కట్టింది ఇద్నకార్, గుర్యా కట్టింది గుర్యకార్. దక్షిణాన మర్దాన్, మొఝ్గా అనే వీరులు. పక్కనున్న మారీ జనంతో నేల కోసం పోటీ పడిన కథ నాకు బాగా ఇష్టం. మట్టిదిబ్బని కాలితో తన్ని నది అవతల పడేసినవాడిదే నేల అని పందెం. మనవాడు ముందురోజు రాత్రే వెళ్లి తన దిబ్బని అడుగున కోసి సిద్ధం చేసి పెట్టుకున్నాడు. పొద్దున ఒక్క తన్నుకి ఎగిరి అవతల పడింది. మారీ వీరుడి దిబ్బ కదల్లేదు, వాళ్లు లేచి వెళ్లిపోయారు. రెండు జాతులు ఒకే నది ఒడ్డు కోసం పోట్లాడుకున్నాయన్న జ్ఞాపకం ఈ కథ లోపల ఉంది.

ఇవన్నీ కథలేనా, తవ్వకాల్లో ఏమైనా దొరికిందా?

దొరికింది. గ్లాజొవ్ పట్టణం పక్కనే, చెప్త్సాలో పిజెప్ నది కలిసే చోట ఎత్తు గుట్ట మీద ఇద్నకార్ కోట నిజంగానే ఉంది. 9 నుంచి 13వ శతాబ్దం దాకా జనం ఉన్న చోటు. మట్టి గోడలు, ఇళ్లు, ఎముకతో చేసిన దువ్వెనలు, చెంచాలు, లోహపు పని చేసిన కొలిమిలు బయటపడ్డాయి. 1974 నుంచి పురాతత్వవేత్త మార్గరీటా ఇవనొవా నాయకత్వంలో అక్కడ దశాబ్దాల పాటు తవ్వకాలు జరిగాయి.

కానీ ఒక చిక్కు ఉంది. 13వ శతాబ్దం తర్వాత చెప్త్సా మీది ఆ కోటలు ఖాళీ అయిపోయాయి. ఇవాళ అక్కడ కనిపించే ఊళ్లలో చాలావాటిని తర్వాతి కాలంలో, ముఖ్యంగా 16, 17 శతాబ్దాల్లో, పడమటి నుంచి నది ఎగువకి జరిగివచ్చిన జనం కట్టారు. అంటే "ఇద్నా మనవలే ఇప్పటికీ అక్కడున్నారు" అని సూటిగా చెప్పలేం. పోయినవాళ్లు, వచ్చినవాళ్లు, మిగిలినవాళ్లు కలిశారు. వీరగాథ మాత్రం ఆ నేలకి అతుక్కుపోయింది.

ఊరి పేరు చూసి వంశం ఎక్కడినుంచి వచ్చిందో ఎలా చెబుతారు?

ఇది చాలా సరదా పని, మ్యాప్ తెరిచి మీరే చూడొచ్చు. ఇఝెవ్స్క్‌కి దక్షిణంగా మాలయా పుర్గా ఉంది, అంటే చిన్న పుర్గా. ఉత్తరాన ఇగ్రా జిల్లాలో బొల్షయా పుర్గా ఉంది, పెద్ద పుర్గా. రెండిటికీ మధ్య చాలా దూరం. ఒకే వంశం పేరు అంత దూరంలో రెండు చోట్ల పడిందంటే, ఆ వంశం ముక్కలు వేర్వేరు దిక్కులకి కదిలాయన్నమాట. ఇగ్రా అన్న పేరు కూడా ఎగ్రా వంశం నుంచి వచ్చిందే. మొఝ్గా పట్టణం, పెల్గా, నోర్యా, సల్యా, తుక్ల్యా అనే ఊళ్లు, అన్నీ వొర్షుద్ పేర్లే.

ఇలా ఎందుకు ముక్కలయ్యారంటే, వాళ్ల వ్యవసాయం అడవి నరికి కాల్చి కొన్నేళ్లు పండించి, నేల బలం తగ్గాక ఇంకో చోటికి జరిగే పద్ధతి. ఊరు పెరిగితే కొందరు విడిపోయి కొత్త వాగు చూసుకుని వెళ్లేవారు. అందుకే ఊళ్ల పేర్ల ముందు పాత, కొత్త, పెద్ద, చిన్న అని తగిలించి ఉంటాయి. దానికితోడు పన్నులు, మతం మార్పిడి ఒత్తిడి, పక్కన రష్యన్ ఊళ్లు పెరగడం.

ఈ పేర్లన్నిటినీ ఊరూరా తిరిగి సేకరించి, మ్యాపుల మీద పెట్టి చూపించిన మనిషి మిఖాయిల్ అతమానొవ్. భాషాశాస్త్రవేత్త, తర్వాత చర్చి డీకన్ కూడా అయ్యారు. బైబిల్ మొత్తాన్ని ఉద్ముర్త్‌లోకి తెచ్చిందీ ఆయనే, అది 2013లో వచ్చింది. ఈ సబ్జెక్ట్‌లో ఎవరు ఏం రాసినా చివరికి ఆయన సేకరించిన పేర్ల దగ్గరికే రావాలి.

సరే, మాండలికాలు ఎన్ని?

ఎక్కువమంది వాడే విభజన భాషాశాస్త్రవేత్త వాలెంతిన్ కెల్మాకొవ్‌ది. ఉత్తరాన చెప్త్సా లోయలో ఉత్తర మాండలికం. దక్షిణాన దక్షిణ మాండలికం, దానిలోనే రిపబ్లిక్ బయట తతార్స్తాన్, బష్కొర్తొస్తాన్ వైపు మాట్లాడే అంచు మాండలికాలు ఒక శాఖ. రెండిటి మధ్యలో అటూ ఇటూ కలిసిన మధ్య మాండలికాలు. విడిగా బెసెర్మ్యాన్ మాండలికం, దాని కథ కింద చెబుతా.

అయితే వాత్కా అంటే ఉత్తర మాండలికం, కాల్మెజ్ అంటే దక్షిణ మాండలికం, అంతేనా?

అందరూ ముందు ఇలాగే అనుకుంటారు, చాలా చోట్ల ఇలాగే రాసేస్తారు కూడా, కానీ ఇది సగమే నిజం. పాత వలస దారులకీ ఇవాళ్టి మాండలికాల హద్దులకీ పోలిక ఉంది, నిజమే. చెప్త్సా వెంట ఎగువకి జరిగిన జనం మాట ఆ లోయ పొడవునా ఒకేలా ఉండటానికి ఆ వలసే కారణం. నది వెంట జనం జరిగితే మాట కూడా నది వెంటే జరుగుతుంది.

అయితే వంశాల మ్యాప్‌నీ మాండలికాల మ్యాప్‌నీ ఒకదానిపై ఒకటి పెట్టి చూడండి. పుర్గా పేరు ఉత్తరానా ఉంది, దక్షిణానా ఉంది. ఇప్పుడు రెండు పుర్గాల వాళ్లూ ఒకేలా మాట్లాడతారా అంటే, మాట్లాడరు. ఎవరి చుట్టుపక్కల మాట వాళ్లకి వచ్చేసింది. వంశం పేరు తాతలు ఎక్కడినుంచి వచ్చారో చెబుతుంది, ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏళ్లు ఎవరి పక్కన బతికారో తెలియాలంటే వాళ్ల మాట వినాలి. ఈ రెండూ కలిసే చోట చరిత్ర తేలిక, విడిపోయే చోటే అసలు ఆసక్తి.

దీనికి పెళ్లి నియమం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఒకే వంశంలో పెళ్లి కుదరదు కాబట్టి ప్రతి ఊళ్లోకీ వేరే వంశం కోడళ్లు రావాల్సిందే. పిల్లలకి మాట నేర్పేది తల్లులు. ఒక్కో వంశానికి ఒక్కో మాట అన్నట్టు వందల ఏళ్లు గీత గీసి ఉంచడం ఈ పద్ధతిలో అయ్యే పని కాదు. చుట్టుపక్కల పెళ్లిళ్లు ఇచ్చిపుచ్చుకునే ఊళ్లన్నీ నెమ్మదిగా ఒక మాటకి వస్తాయి.

మరి ఉత్తరం, దక్షిణం అంత తేడాగా ఎందుకయ్యాయి?

వేర్వేరు రాజ్యాల కింద బతికారు కాబట్టి. దక్షిణం వాళ్లు మొదట వోల్గా బల్గారియా (ఇవాళ్టి బల్గేరియా కాదు, వోల్గా ఒడ్డు పాత తుర్కిక్ రాజ్యం) ప్రభావంలో, తర్వాత "బంగారు గుంపు" (గోల్డెన్ హోర్డ్) అనే మంగోల్ రాజ్యం కింద, ఆ తర్వాత కజాన్ ఖానేట్ అనే తతార్ రాజ్యం కింద ఉన్నారు. అంటే వందల ఏళ్లు తుర్కిక్ భాషల పక్కన. ఉత్తరాన వ్యాత్కా నేల 1489లోనే మాస్కో చేతికి వెళ్లింది. అక్కడి ఉద్ముర్తుల మీద కొంతకాలం కరినొ ఊరి తతార్ దొరల పెత్తనం నడిచినా, చుట్టూ పెరిగింది మాత్రం రష్యన్ ఊళ్లే. 1552లో మాస్కో కజాన్‌ని పట్టుకున్నాకే ఉత్తర, దక్షిణ ఉద్ముర్తులు ఒకే ప్రభుత్వం కిందకి వచ్చారు.

ఫలితం వంటింట్లోనే వినిపిస్తుంది. దోసకాయని దక్షిణాన "కియార్" అంటారు, తతార్ మాట. ఉత్తరాన "ఒగ్రెచ్", రష్యన్ మాట. బంగాళాదుంపకి ఉత్తరాన రష్యన్ పేరు కాస్త మార్చి వాడతారు, తతార్ల మధ్య ఉండే అంచు ఊళ్లలో తతార్ పేరే వాడతారు. అమ్మని "అనయ్", నాన్నని "అతయ్" అనడం దక్షిణం అలవాటు, ఇవి పుస్తక భాషలోకి కూడా వెళ్లాయి. ఉత్తరాన అమ్మ "మెమెయ్".

ధ్వనుల్లోనూ తేడా ఉంది. మనం వంకాయ అన్నప్పుడు "క"కి ముందు ముక్కుతో పలికే ధ్వని ఉంది కదా, మన అక్షరమాలలో ఙ. అది పాత ఉద్ముర్త్‌లో మాట చివర కూడా వచ్చేది. దక్షిణాన కొన్ని చోట్ల ఇప్పటికీ ముఖాన్ని "బఙ్" అంటారు, మిగతా చోట్ల అది "బమ్" అయిపోయింది. అంటే తతార్ ప్రభావం ఎక్కువ పడిందనుకున్న దక్షిణమే ఈ విషయంలో పాత ధ్వనిని దాచుకుంది. "ఎక్కువ కలిసిపోయిన మాండలికం కాబట్టి తక్కువ స్వచ్ఛం" అనే మాట ఎవరైనా అంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కామా నది దాటి వెళ్లినవాళ్ల సంగతేంటి?

వీళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. కజాన్ పతనం తర్వాత 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా విడతలు విడతలుగా కామా దాటి బష్కీర్లనే మరో తుర్కిక్ జనం నేలకి వెళ్లారు. పన్నుల భారం ఒక కారణం, బలవంతపు క్రైస్తవ మతమార్పిడి ఇంకో కారణం. 1740ల్లో ఆ ఒత్తిడి మరీ తీవ్రమైంది. బష్కీర్ల దగ్గర నేల అడిగి తీసుకుని కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ఇప్పటి బష్కొర్తొస్తాన్ ఉత్తర జిల్లాల్లో, తతిష్లీ లాంటి చోట్ల, పక్కనే పెర్మ్ ప్రాంతం కుయెదా జిల్లాలో వాళ్లున్నారు.

అక్కడ చుట్టూ ముస్లింలు కావడంతో చర్చి వాళ్ల దాకా పెద్దగా రాలేదు. అందుకే పాత ప్రార్థనలు తెగిపోకుండా మిగిలాయి. ఇప్పటికీ కొన్ని ఊళ్లు కలిసి పొలం పక్కన గొర్రెని బలిచ్చి, పెద్ద పెద్ద గుండిగల్లో గంజి వండి, తెల్లబట్టలు కట్టుకున్న పూజారి చేత ప్రార్థన చేయిస్తాయి. మాటలో మాత్రం తతార్, బష్కీర్ ప్రభావం బలంగా పడింది. పెదాలు గుండ్రంగా పెట్టి "ఈ" అంటే వచ్చే అచ్చు ఒకటి వాళ్ల మాటలో ఉంది, పుస్తక ఉద్ముర్త్‌లో అది లేదు. దేవుళ్లని కాపాడుకోవడానికి వెళ్లినవాళ్లు కొత్త అచ్చులు నేర్చుకున్నారు, వంశం పేర్లూ వెంట తీసుకెళ్లారు. వ్యాత్కాకి పడమటి వైపు, తతార్స్తాన్‌లోని కుక్మోర్ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇలాగే.

బెసెర్మ్యాన్‌లు వేరే జాతా, ఉద్ముర్తులేనా?

వేరే జాతిగా 1992లో గుర్తింపు వచ్చింది. 2021 లెక్కల్లో సుమారు రెండు వేలమందే. యుకామెన్స్కొయె, గ్లాజొవ్, బలెజినొ, యార్ జిల్లాల్లో, అంటే పూర్తిగా ఉత్తరాన, ఉత్తర ఉద్ముర్తుల మధ్యలో ఉంటారు. మాట్లాడేది ఉద్ముర్త్ మాండలికమే, కానీ అందులో చాలా లక్షణాలు దక్షిణం వైపువి. చుట్టూ ఉన్నవాళ్లతో కలవకుండా, దూరంగా ఉన్న దక్షిణపు అంచు మాండలికాలతో కలుస్తాయి. ఎక్కడో తుర్కిక్ జనం పక్కన చాలాకాలం ఉండి తర్వాత ఉత్తరానికి వచ్చి స్థిరపడ్డారనడానికి ఇది గట్టి ఆధారం. కాగితం సాక్ష్యం తక్కువగా ఉన్న చోట ఇలా మాండలికమే వలస దారి చూపిస్తుంది.

ఉత్తరం వాళ్ల మాట దక్షిణం వాళ్లకి అర్థమవుతుందా?

అవుతుంది. కొన్ని మాటల దగ్గర ఆగుతారు, అంతే. బయటి అంచు మాండలికాల వాళ్లతో కొంచెం ఎక్కువ ఓపిక కావాలి.

పుస్తక భాష ఏ మాండలికం మీద నిలబడింది?

ఏ ఒక్కదాని మీదా కాదు. మొదటి వ్యాకరణం 1775లో వచ్చింది. 1847లో కజాన్‌లో సువార్తలు అచ్చువేసినప్పుడు ఒకటి గ్లాజొవ్ మాటలో, ఒకటి దక్షిణం వైపున్న సరాపుల్ మాటలో విడివిడిగా వేశారు, అంటే అప్పటికే ఒక్క పుస్తకం అందరికీ సరిపోదని తెలిసిందన్నమాట. 1920లో స్వయంపాలిత ప్రాంతం ఏర్పడ్డాక బడులు, పత్రికలు మొదలై, మధ్య మాండలికాల వైపు మొగ్గుతూ, అటు నుంచి కొన్ని ఇటు నుంచి కొన్ని తీసుకుని ఒక భాష కుదిరింది.

ఈ సమాచారమంతా ఎవరు పోగుచేశారు?

పైన చెప్పిన అతమానొవ్, కెల్మాకొవ్ కాక, వాళ్లకి ముందు చాలామంది. గ్లాజొవ్ ప్రాంతంలో బడుల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నికొలాయ్ పెర్వూఖిన్ 1880ల్లో వీరగాథలు రాసుకున్నాడు, దొందా, ఇద్నా కథలు మనదాకా అలా వచ్చాయి. ఫిన్లాండ్ నుంచి యుర్యో విఖ్‌మన్ 1890ల్లో వచ్చి మాటలు, పాటలు సేకరించాడు. హంగేరీ నుంచి బెర్నాత్ ముంకాచి 1885లో వచ్చి నిఘంటువు తయారుచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం నుంచి బందీలుగా దొరికిన ఉద్ముర్త్ సైనికులు హంగేరీ శిబిరాల్లో ఉంటే, ముసలితనానికి దగ్గరపడుతున్న ముంకాచి అక్కడికి కూడా వెళ్లి వాళ్ల మాట రాసుకున్నాడు. సొంత జాతి నుంచి గ్రిగొరి వెరెష్చాగిన్, ఆ తర్వాత కవి, జానపద పరిశోధకుడు కుజెబాయ్ గెర్ద్. గెర్ద్‌ని 1937లో కాల్చి చంపారు. ఆ తరం పోవడంతో ఎంత సేకరణ ఆగిపోయిందో తలచుకుంటే కడుపు మండుతుంది.

ఇప్పటి కుర్రాళ్లకి తమ వొర్షుద్ తెలుసా? భాష ఎలా ఉంది?

చాలామందికి తెలియదు. ఊళ్లో బామ్మలకి తెలుసు, కామా అవతల ఇంకాస్త తెలుసు. భాష పరిస్థితి టెన్షన్ పెట్టేదే. 2010 జనాభా లెక్కల్లో రష్యాలో ఉద్ముర్తులమని చెప్పుకున్నవాళ్లు సుమారు 5.52 లక్షలు, 2021లో సుమారు 3.86 లక్షలు. సొంత రిపబ్లిక్‌లోనే వాళ్లు మైనారిటీ. యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న భాషల్లో పెట్టింది. 2019 సెప్టెంబర్ 10న ఆల్బర్ట్ రాజిన్ అనే 79 ఏళ్ల పండితుడు బడుల్లో సొంత భాష చదువు తగ్గిపోవడానికి నిరసనగా ఇఝెవ్స్క్‌లో శాసనసభ భవనం ముందు నిప్పంటించుకుని చనిపోయారు. ఊళ్లు ఖాళీ అయ్యే కొద్దీ మొదట పోయేది మాండలికం. సిటీకి వచ్చిన పిల్లలు నేర్చుకుంటే పుస్తక భాష నేర్చుకుంటారు, లేకపోతే అదీ లేదు.

ఇఝెవ్స్క్‌లో మెడిసిన్ చదువుతున్నాను. ఇదంతా కళ్లతో ఎక్కడ చూడొచ్చు?

మన పిల్లలు అక్కడ చదువుతున్నారు కాబట్టి ఈ ప్రశ్న న్యాయమైనదే. సిటీకి దగ్గర్లోనే లుదోర్వాయ్ అనే ఆరుబయట మ్యూజియం ఉంది, పాత ఇళ్లు, కువాలా అక్కడ చూడొచ్చు. కువాలాలోకి వెళ్తే ముందు నేల మధ్యలో పొయ్యి, తర్వాత అల్మారా బల్ల చూడండి. వీలైతే ఉత్తరాన గ్లాజొవ్ వెళ్లండి, ఇద్నకార్ గుట్ట ఎక్కండి. చలికాలంలో గుట్ట మీద గాలి గట్టిగా ఉంటుంది, మంచి జాకెట్ వేసుకోండి. క్లాసులో ఉద్ముర్త్ స్నేహితులెవరైనా ఉంటే వాళ్ల బామ్మగారి ఊరు ఏదో అడిగి ఆ పేరుని మ్యాప్‌లో వెతకండి. అదే పేరుతో ఇంకో ఊరు వేరే జిల్లాలో కనిపిస్తే వాళ్లకి చూపించండి, వాళ్లూ బామ్మకి ఫోన్ చేసి అడుగుతారు.